అత్తయ్య, ఆవిడ నాలుగు వేల ఏళ్ళ బంధువులు

మా అత్తయ్య మనిషి కనిపిస్తే పేరు అడగదు, వరస కలుపుతుంది. అది అలవాటని ఆవిడ అంటుంది, జబ్బని మా నాన్న అంటాడు. ఆయన ఆవిడకి సొంత తమ్ముడు కాబట్టి అనే హక్కుంది.

ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తోంది. కొత్త మనిషి కుర్చీలో కూర్చుని, అద్దాలు పెట్టుకుని, "చెవి వెనక ఒత్తుకుంటోందండీ" అనేలోపు "ఎడమ చెవా, కుడి చెవా మరిదిగారూ?" అనేస్తుంది. ఒకసారి ఒకాయన కొత్త అద్దాల్లోంచి అన్నీ రెండేసి కనిపిస్తున్నాయని నిప్పులు తొక్కుతూ వచ్చాడు. అరగంట తరవాత మా చిన్నాన్నై బయటికి వెళ్ళాడు. అద్దాలు మార్చుకోవడం మర్చిపోయి మర్నాడు మళ్ళీ వచ్చాడు.

ఆవిడకి పెళ్ళి కాకపోవడానికి కారణం కూడా ఇదేనని మా ఇంట్లో చెప్పుకుంటారు. పెళ్ళి మాటలకి వచ్చిన ప్రతివాడినీ పది నిమిషాల్లో "అన్నయ్యా" అనేసేదట. ఆ తరవాత ఇంక ఏం మాట్లాడతారు?

"నువ్విలాగే కానిస్తే ఊళ్ళో పరాయివాడనేవాడు మిగలడక్కా. ఎవరితోనైనా మనసారా పోట్లాడాలంటే నేను పక్క ఊరు వెళ్ళాల్సొస్తోంది" అనేవాడు మా నాన్న.

ఊళ్ళో మనుషులు అయిపోయాక అత్తయ్య మోడుల మీద పడింది.

మా ఊరి సముద్రతీరంలో ఇసక కింద ఒక అడవి ఉంది. నాలుగు వేల ఏళ్ళ కిందట అక్కడ చెట్లుండేవి. తరవాత సముద్రం ముందుకొచ్చి వాటిని కప్పేసింది. చలికాలంలో పెద్ద గాలివాన వచ్చి ఇసకని ఊడ్చుకుపోయినప్పుడు, అదీ నీళ్ళు బాగా వెనక్కి తగ్గిన పూట మాత్రమే, వాటి మోడులు బయటపడతాయి. నల్లగా, మోకాలెత్తున, వేళ్ళు చాపుకుని ఓ అరవై దాకా ఉంటాయి. గంటా గంటన్నర కనిపించి మళ్ళీ నీళ్ళలోకి పోతాయి. అత్తయ్య సముద్రం ఆటుపోట్ల వేళల పట్టిక ఫ్రిజ్ మీద అంటించుకుని, ఆ గంటకోసం దుకాణానికి సెలవు పెట్టేది. ప్రతిసారీ నన్ను లాక్కెళ్ళేది.

"ఒరేయ్, ఆయన మీద కాలేస్తావేంట్రా? పెద్దనాన్న!"

"ఇది మోడు, అత్తయ్యా."

"నాలుగు వేల ఏళ్ళు బతికితే నువ్వూ మోడువే అవుతావు. ఇదిగో, ఈ ఇద్దరూ తోడికోడళ్ళు. చూశావా, చెరో పక్కకి ఎలా వాలిపోయారో? మాటల్లేవు."

"ఎప్పట్నించి?"

"నాకు తెలిసినప్పట్నించీ. ఈ సన్నటివాడు మరిది. ఇంకా స్థిరపడలేదు."

ఇంతలో నాకు పెళ్ళి కుదిరింది. అమ్మాయి లిఫ్టులు బాగుచేస్తుంది. మా ఆఫీసు లిఫ్టులో నేను ఇరుక్కుపోతే పై నుంచి తలుపు తీసి చెయ్యి అందించింది. ఆ చెయ్యి నేను మళ్ళీ వదల్లేదు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఎవరో ఆసుపత్రి వరండాలో వదిలేసి వెళ్తే, అనాథల హాస్టల్లో పెరిగింది. అమ్మానాన్నలెవరో తనకి తెలియదు. మా ఇంట్లో ఎవరికీ దానిమీద అభ్యంతరం లేదు. అభ్యంతరం తనకే వచ్చింది.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాల గది చూసి వచ్చిన రోజు సాయంత్రం, "పెళ్ళి వద్దులే" అంది.

"ఏమైంది?"

"ఆ గదిలో రెండు వరసల కుర్చీలున్నాయి. ఒకదాని మీద వరుడి బంధువులు, ఇంకోదాని మీద వధువు బంధువులు అని అట్టముక్కలు తగిలించి ఉన్నాయి. మీవాళ్ళు నలభై మంది. నావైపు స్నేహితులొస్తారు, కానీ ఆ అట్టముక్క కింద ఎలా కూర్చుంటారు? లిఫ్టులో ఇరుక్కున్న మొహాలు రోజూ చూస్తుంటాను. ఆ రోజు నా మొహం అలా ఉంటుంది. అందరి ముందూ అలా నిలబడలేను."

 నేను అత్తయ్య దగ్గరికి పరిగెత్తాను. అంతా విని ఆవిడ ఫ్రిజ్ మీద పట్టిక చూసింది.

"ఆదివారం పొద్దున్న ఏడున్నరకి నీళ్ళు తగ్గుతాయి. తీసుకురా."

"అత్తయ్యా, దణ్ణం పెడతాను. బంధువుల్లేరని ఏడుస్తున్న పిల్లకి పెద్దనాన్నలనీ తోడికోడళ్ళనీ చూపిస్తావా? ఆ ఒక్కరోజూ వరసలు కలపకు."

"కలపనులేరా" అంది. నేను నమ్మలేదు.

కానీ ఆదివారం ఆవిడ నిజంగానే నోరు మెదపలేదు. చలిగాలిలో ముగ్గురం మోడుల మధ్య నడుస్తుంటే ఆ అమ్మాయే అడిగింది:

"ఇవన్నీ మీ చుట్టాలని చెప్పాడు. ఏమవుతారండీ?"

అత్తయ్య నా వైపు గుర్రుగా చూసింది.

"నిజం చెప్పాలంటే తెలీదమ్మాయ్. మా నాన్న పేరు తెలుసు. తాత పేరు తెలుసు. ముత్తాత పేరు ఎవరో అంటే విన్నాను. ఆ పైన ఎవరో నాకూ తెలీదు."

"నాకు మొదటి పేరు దగ్గర్నించే తెలీదండీ."

"అంటే నీకూ నాకూ తేడా మూడు పేర్లు. ఈ చెట్లు పచ్చగా ఉన్నప్పట్నించి లెక్కేస్తే నూటయాభై పేర్లుండవూ? అందులో మూడు తెలిసినందుకే మా తమ్ముడు మీసం తిప్పుకుంటున్నాడు."

తను ఫక్కున నవ్వింది. వారం రోజుల్లో అదే మొదటి నవ్వు. తరవాత ఒక మోడు పక్కన గొంతుక్కూర్చుని, తడి వేరు మీద చెయ్యి వేసింది.

"ఈయన నాకేమవుతాడు?"

దారినపోయే వాళ్ళందరికీ వరసలు పెట్టే మా అత్తయ్య, "అది నువ్వు పెట్టుకోవాలి" అంది.

"మేనమామ" అంది తను నెమ్మదిగా. అప్పటికే నీళ్ళు మా బూట్లలోకి వచ్చేశాయి.

పెళ్ళిరోజు తను వచ్చింది. మేం నలభై మందిమీ మా వరసలో కూర్చున్నాం. తన స్నేహితులు మొహమాటపడి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. అట్టముక్క కింద కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. అప్పుడు అత్తయ్య మా మధ్యలోంచి లేచి, చీర సర్దుకుని, అవతలికి వెళ్ళి మొదటి కుర్చీలో కూర్చుంది. వెనకవాళ్ళని కూడా పిలిచి కూర్చోబెట్టింది.

"అక్కా, నీ కుర్చీ ఇటు" అన్నాడు నాన్న.

"నేను అమ్మాయి పెద్దమ్మనండీ, అన్నయ్యగారూ. మావాళ్ళకి ఇంకా మంచినీళ్ళైనా ఇవ్వలేదు. మగపెళ్ళివారి మర్యాద ఇదేనా?"

యాభై ఎనిమిదేళ్ళుగా తమ్ముడిగా ఉన్న మా నాన్న ఒక్క నిమిషంలో అన్నయ్యగారైపోయాడు. మంచినీళ్ళు తేవడానికి వెళ్ళాడు. నా పెళ్ళికూతురు సంతకం పెడుతూ నవ్వు ఆపుకోలేక కాగితం మీద అక్షరాలు వంకర చేసింది.

అది ఆ ఒక్కరోజు ముచ్చటే అనుకున్నాను. ఆరేళ్ళయింది, అత్తయ్య ఇటు తిరిగి రాలేదు. మా ఇంటికి పుట్టింటి పెద్దమ్మగా వస్తుంది, నన్ను "అల్లుడుగారూ" అంటుంది. మా ఇద్దరికీ మాటామాటా వస్తే, విషయం వినకముందే వాళ్ళమ్మాయి వైపు తీర్పు చెబుతుంది. మొన్న ఇంక ఉండబట్టలేక అడిగాను.

"అత్తయ్యా, చిన్నప్పుడు నన్నెత్తుకు తిప్పావు. ఒక్కసారి మేనత్తగా నావైపు మాట్లాడవచ్చు కదా?"

ఆవిడ నా కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ నా ముక్కు మీద సరిగ్గా పెట్టింది.

"మీ మేనత్తతో నాకంత పరిచయం లేదు, అల్లుడుగారూ. మంచి మనిషేనని విన్నాను."

సరిగ్గానే విన్నారు.