బంతి రాని వైపు

పెన్సిల్వేనియాలో మా హైస్కూలు వంటశాలలో డోలరెస్ హ్రబోవ్‌స్కీ ఇరవై ఆరేళ్లు పనిచేసింది. పిల్లలందరికీ ఆమె తేతా డాలీ. స్లోవాక్ ఇళ్లలో అత్తనీ పిన్నినీ తేతా అనే పిలుస్తారు. బంతిని చేత్తో విసిరి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఉన్న రోజున ఆప్రాన్ విప్పేసి, మైదానం పక్కనున్న గది కప్పు మీదికెక్కి ఆటంతా వీడియో తీసేది.

టీవీ వాళ్ల కెమెరా బంతి వెంట పరుగెడుతుంది. డాలీ కెమెరా మైదానం మొత్తాన్నీ పట్టి ఉంచేది. అందుకే, అందరికంటే వెనక నిలబడి దూరపు పాస్‌లకు కాపలా కాసే సేఫ్టీల సంగతి ఆమెకు తెలిసినంతగా మా కోచ్‌లకు తెలియదు. నేనూ ఒక కోచ్‌నే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఒక నవంబరు శనివారం పొద్దున, ఒక పెద్ద కాలేజీకి ఆటగాళ్లను ఎంపిక చేసే లోమన్ అనే ఆయన మా సేఫ్టీ డాంటె కోస్కో కోసం మా కోచ్‌ల గదికి వచ్చాడు. ఆ ఏడాది డాంటె ప్రత్యర్థుల పాస్‌లు ఆరు మధ్యలోనే అందుకున్నాడు. డాలీ పళ్లెం నిండా పియెరోగీలు, అంటే బంగాళదుంప కూరిన పిండి కజ్జికాయల్లాంటివి, తెచ్చి బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడిపోయింది.

"డాంటె మంచోడే. కానీ వాడు మనిషిని కాయడు, బంతిని కాస్తాడు," అంది.

లోమన్ నవ్వాడు. "ఆరు పట్టాడు కదా మేడమ్!"

"ఆ ఆరూ చేతకానోళ్లు విసిరినవి. విసిరేవాడి కళ్లు చూసి వీడు ముందుకు దూకుతాడు. వెనకాల మనిషి ఖాళీగా పోతుంటాడు. మా రెండో సేఫ్టీ వెండెల్ ప్రాట్‌ని చూశారా?"

"వాడు ఒక్కటీ పట్టినట్టు లేదే!"

"పట్టడానికి అటు విసిరితే కదా!"

హెడ్ కోచ్ రే ఇబ్బందిగా కదిలాడు. "డాలీ, ఆయనకి టైం లేదు..."

"తినడానికి ఉందిగా! తింటూ చూడమను."

వీడియో పెట్టింది. పాస్ అందుకోవాల్సినవాడు దూసుకొస్తుంటే వెండెల్ వెనక్కి వెనక్కి అడుగులేస్తున్నాడు. అతను మలుపు తిరగగానే వెండెల్ నడుమూ తిరిగింది. ఒక్క అడుగు వృథా కాలేదు. విసిరేవాడు చెయ్యెత్తి అటు చూసి, మనసు మార్చుకుని ఇంకోవైపు విసిరాడు. మళ్లీ అదే. మళ్లీ అదే. తొమ్మిదోసారికి లోమన్ ఫోర్కు కింద పెట్టాడు.

"మనిషిని పట్టి పడేయడంలో ఎలాంటివాడు?"

"అంతంతమాత్రమే. భుజం తగిలిస్తాడు, చేతులు చుట్టడు. అబద్ధమెందుకు?"

లోమన్ వెండెల్‌ని తీసుకున్నాడు.

సోమవారం డాంటె వంటశాలకొచ్చి అందరి ముందూ అరిచాడు. "నా పొట్ట కొట్టావు తేతా!"

"ఉన్నదే చెప్పానురా. మూడింటికి రా, వీడియోలో నీ కాళ్లు నీకే చూపిస్తా."

అతను రాలేదు. రెండు వారాలు ఆమె చేతి వంటే ముట్టలేదు. ఆ తర్వాత ఒకరోజు మూడింటికి వచ్చి, వీడియో ముందు కూర్చున్నాడు. ఆ చలికాలమంతా తన తప్పడుగులు తానే చూసుకున్నాడు, ఖాళీ వ్యాయామశాలలో దిద్దుకున్నాడు. వసంతంలో మా జిల్లాలోని ఒక చిన్న కాలేజీ అతన్ని తీసుకుంది. ఆ కబురు అతను మొదట తల్లికి చెప్పాడు, తర్వాత డాలీకి.

లోమన్ ఆ తర్వాత కూడా ఏటా వచ్చేవాడు. ముందు వంటశాలకు వెళ్లేవాడు, మా గదికి తర్వాత.