పీరు ఒప్పుకోని విమానాలు

పర్చూరులో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఒకటి ఉంది. షెడ్డు వెనక ఇల్లు, ఇంటికి ఆనుకుని రేకుల గది. గదిలో గోడ పొడవునా చెక్క అరలు, అరల మీద యుద్ధవిమానాలు. ఒక్కొక్కటి అరచేతిలో ఇమిడేంత. అన్నీ ప్లాస్టిక్‌వి.

షెడ్డు పీరుది. విమానాలూ ఆయనవే.

పీరు పదిహేనేళ్లు వైమానిక దళంలో పనిచేశాడు. విమానం నడపలేదు. దాని ఒంటికి రేకులు బిగించేవాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో నాట్ అనే చిన్న విమానాల దగ్గర ఉన్నాడు. నిచ్చెన అక్కర్లేకుండా నేల మీద నిలబడి పని చేయగలిగేంత చిన్నవి. తిరిగొచ్చి షెడ్డు పెట్టాడు. ఖాజాబీని చేసుకున్నాడు. పిల్లలు కలగలేదు.

పగలు ట్రాక్టర్లు. సాయంత్రం విమానాలు. హైదరాబాదు నుంచి పార్సిల్లో పెట్టెలు వచ్చేవి. పెట్టెలో ముక్కలు, పెట్టె మీద రంగుల బొమ్మ. పీరు ముందు ఆ బొమ్మను చించి పొయ్యిలో వేసేవాడు. అది చూస్తూ చేస్తే చెయ్యి అబద్ధం నేర్చుకుంటుందనేవాడు. పాత ఫోటోలు చూసి చేసేవాడు. ఫోటోకీ తన జ్ఞాపకానికీ తేడా వస్తే ఫోటోనే నమ్మేవాడు.

నాట్ చేయడానికి ఒక వానాకాలం పట్టింది. బజారులో దొరికే పెట్టెలో ఉండేది ఇద్దరు కూర్చునే శిక్షణ విమానం. యుద్ధానికి వెళ్లింది ఒక్కడు కూర్చునేది. ముక్కు కోశాడు. రెక్కలు అరగదీసి చిన్నవి చేశాడు. అంతా అయ్యాక చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"తాలు," అన్నాడు.

రంగు పోయిన మిరపకాయను ఇక్కడి రైతులు అనే మాట అది. చక్రాల తలుపులు తేడాగా ఉన్నాయి. నాట్ గాలిలో వేగం తగ్గాలంటే ఆ తలుపులే కొంచెం తెరుచుకుని అడ్డం నిలబడతాయి. ఆ కొంచెం ఎంతో పీరుకి తెలుసు. పీకేసి మళ్లీ పెట్టాడు.

చిలకలూరిపేటలో పత్తి వ్యాపారం చేసే నాగేంద్రబాబుకి కూడా ఈ పిచ్చి ఉండేది. ఆయన చెయ్యడు, కొంటాడు. ఒకసారి విదేశం నుంచి తెప్పించిన విమానమొకటి పట్టుకుని కారులో వచ్చాడు.

"పీరూ, ఎట్టా ఉందో చెప్పు."

"పెళ్లికూతురులా ఉందండి."

"అంటే బాగున్నట్టేగా?"

"యుద్ధానికి పోయేదానికి పౌడరు ఏందండీ? పొగ వచ్చేకాడ మసి ఏది? తుపాకీ పేలినకాడ నలుపేది? ఇది ఊరేగింపుకి పోయిద్దిగానీ యుద్ధానికి పోదు."

"నీ నోట్లో మిరపకాయ పడ! ఒక్కటైనా బాగుందనవేంది?"

"బాగున్నరోజు అంటానండి."

నాగేంద్రబాబు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏది కొన్నా ముందు పర్చూరు తెచ్చేవాడు. ఆయన చనిపోయేదాకా పీరు బాగుందని అనలేదు.

డెబ్బై దాటాక పీరు చేతులు వణికాయి. సన్నపని చేతకాలేదు. తమ్ముడు నజీర్ నేర్చుకున్నాడు. నజీర్ గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. అందరూ దాన్ని ఏసీ అంటారు. ఆదివారం బస్సెక్కి వచ్చి అన్న పక్కన కూర్చుని అతికించేవాడు. అన్న తిడుతుంటే మళ్లీ పీకేవాడు.

తర్వాత మతిమరుపు వచ్చింది. తిన్నాడో లేదో గుర్తుండేది కాదు. షెడ్డు తాళం ఎటు తిప్పాలో మర్చిపోయాడు. ఆయన మంచం విమానాల గదిలోనే వేశారు. తర్వాత మాటలు తగ్గాయి. ఖాజాబీ అడిగినదానికి ఊ అనేవాడు. చివరికి అదీ అనలేదు.

ఒక ఆదివారం నజీర్ అరలు తుడుస్తుంటే నాట్ వీపు మీది కడ్డీ విరిగింది. రేడియో కడ్డీ. భయపడి గబగబా అతికించి, ఏమీ ఎరగనట్టు అన్న చేతిలో పెట్టాడు. పీరు వేలితో తడిమాడు.

"ఎవడ్రా దీన్ని ఇంత వెనక్కి పెట్టింది?"

నజీర్ చేతిలోని తుడిచే గుడ్డ కింద పెట్టాడు.

"నిన్నే. కళ్లు దొబ్బాయా? ఇక్కడ పెడితే పైలట్‌కి ఏం వినపడిద్ది, నీ బొంద?"

అంతటితో ఆగలేదు. చలికి వేళ్లు రేకులకి అంటుకుపోయిన సంగతి చెప్పాడు. చీకట్లో చేత్తో తడిమి మరలు బిగించడం చెప్పాడు. వెళ్లి తిరిగిరాని ఒక విమానం గురించి చెప్పాడు, దానికి తను బిగించిన రేకులు ఏవో కూడా. ఖాజాబీ వంటింట్లోంచి వచ్చి గుమ్మం పట్టుకు నిలబడింది.

నజీర్‌కి దారి దొరికింది. ఆ రోజు నుంచి వారానికో తప్పు చేశాడు. ఉన్న విమానాల్లో ఒకదాన్ని తీసి కావాలని ఏదో ఒకటి చెడగొట్టేవాడు. పీరు దొరకబట్టేవాడు. దొరికితే మాట వచ్చేది. మాట వస్తే మనిషి వచ్చేవాడు.

"తిడుతున్నాడా?" అని ఖాజాబీ లోపలినుంచి అడిగేది.

"తిడుతున్నాడు వదినా."

"తిట్టనీ."

మొదట్లో వెంట్రుకవాసి తేడా చాలింది. మిరప కోతలకొచ్చేసరికి చాలలేదు. రెక్క మీది గుండ్రటి గుర్తులో బయట ఆకుపచ్చ, లోపల కాషాయం ఉండాలి. నజీర్ తారుమారు చేసి అంటించాడు. పీరు మధ్యాహ్నందాకా చూసి అప్పుడు అన్నాడు. కల్లాల్లో కాయ ఎండేనాటికి ఒకవైపు చక్రమే తీసేయాల్సి వచ్చింది. దాన్నీ పట్టుకున్నాడు. ఆలస్యంగా పట్టుకున్నాడు. తిట్టు చిన్నదయింది.

తప్పు ఎంత పెంచాలో, అన్నలో ఇంకా ఎంత మిగిలిందో నజీర్ బస్సులో ఆలోచించుకునేవాడు.

అంతకుముందు ఎండాకాలం రేకుల వేడికి కొన్ని రెక్కలు కిందికి వాలాయి. ఈసారి ఎండలు ఇంకా ముందే వచ్చాయి. విమానాలు పోతే అన్న చేతిలో పెట్టడానికి ఏమీ ఉండదు.

"మా ఏసీలో పెడతా వదినా," అన్నాడు నజీర్. "రెండేళ్లు పెట్టినా మిరపకాయ రంగు పోదు. వీటికేం పోయిద్ది?"

"జాగర్తేనా?"

"చింతపండు పెట్టుకుంటున్నారు, పసుపు పెట్టుకుంటున్నారు. వానలు పడంగానే తెచ్చేద్దాం."

పండ్ల అట్టపెట్టెల్లో దూదిపరిచి సర్దుతుంటే మంచం మీదినుంచి పీరు అన్నాడు. "పైన చలిలోంచి దిగినదానికి చెమట పోసిద్ది. తుడవాల."

"అట్టాగే అన్నా," అన్నాడు నజీర్, ఏదో పాతమాట అనుకుని.

ఇక్కడ ఏది నిలవుండాలన్నా ఏసీయే. అనుమానపడేవాళ్లు లేరు. పెట్టెలు మిరప బస్తాల మధ్యకి వెళ్లాయి. నజీర్ ఆదివారాలు వట్టిచేతులతో వచ్చాడు. పత్తి ధర చెప్పాడు. ఊరివాళ్ల సంగతులు చెప్పాడు. పీరు గోడవైపు చూశాడు. అరలు ఖాళీగా ఉన్నాయి. విమానాలొస్తే మాట్లాడతాడులే అని నజీర్ వదినకి చెప్పాడు. తనకీ చెప్పుకున్నాడు.

మొదటి వాన పడ్డాక పెట్టెలు తీశాడు. చల్లటి గదిలోంచి నేరుగా బయట ఉక్కలోకి, అక్కడినుంచి బస్సులోకి. పర్చూరులో మూత తీసేసరికి అన్నింటికీ చెమట పోసి ఉంది.

నజీర్ పంచెకొంగుతో తుడవబోయాడు. గుర్తులు ముడతలుపడి కొంగుకి అంటుకుని వచ్చాయి. కాక్‌పిట్ల అద్దాలు తెల్లగా మసకబారాయి. అతుకులు పెళుసెక్కాయి. ఒకదాన్ని పైకెత్తితే తోక పెట్టెలోనే ఉండిపోయింది. గదంతా మిరప ఘాటు. ఖాజాబీ తుమ్ముకుంటూ చూసింది.

"ఏందయ్యా ఇది?"

ఘాటుకి ఆగలేక ఆమె వంటింట్లోకి పోయింది. నజీర్ పెట్టెలో వెతికాడు. నాట్ తీశాడు. ఒక రెక్క వంగింది. తోక లేదు. కడ్డీ లేదు. ఇన్ని తప్పులు తను ఎన్నడూ చేయలేదు. ఇన్ని తప్పులకి అన్న ఊరుకోడు. ఆ ఆశతోనే దాన్ని అన్న చేతిలో పెట్టాడు.

పీరు అటూ ఇటూ తిప్పాడు. వదులైన రంగుగుర్తు బొటనవేలికి అంటుకుంది.

"బాగుంది," అన్నాడు.

"రెక్క చూడన్నా. వంగిపోయింది."

"ఆ. బాగుంది."

"తోకేదన్నా? తోక లేదు."

పీరు తోక ఉండాల్సిన చోటు చూశాడు. ఇంటికొచ్చినవాళ్లని చూసి నవ్వినట్టు నవ్వాడు.

"బాగానే ఉందిగదండీ."

తమ్ముణ్ణి పీరు ఏనాడూ అండీ అనలేదు.

నజీర్ పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి ఇచ్చాడు. ముక్కు ఊడినదిచ్చాడు. రంగు పెచ్చులు లేచినదిచ్చాడు. పీరు అన్నీ తీసుకున్నాడు, అన్నీ బాగున్నాయన్నాడు. నజీర్ మంచం ముందు నేల మీద కూర్చుండిపోయాడు.

"తిట్టన్నా. ఒక్కసారి తాలు అను."

"తాలు," అన్నాడు పీరు. అడిగింది కాదనలేక అన్నట్టు అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఖాజాబీ గుమ్మం దాకా వచ్చి, ఇద్దరినీ చూసి, ముక్కలు ఏరి పెట్టెల్లో వేయడం మొదలుపెట్టింది. పీరు ఒళ్లో ఉన్నదాన్ని కూడా అడిగింది. ఇచ్చేశాడు.

ఏసీ చెడగొట్టింది విమానాలనేనా, చేతులు ఖాళీగా ఉన్న ఆ వారాలు మనిషిని కూడా తీసుకుపోయాయా అన్నది నజీర్‌కి తెలియలేదు. అవి అరల మీదే ఉన్నా ఇంతే జరిగేదేమో. డాక్టరుని అడగొచ్చు. అడగలేదు.

ముక్కలు మళ్లీ అతికించనూ లేదు. ఎవరికి చూపించాలి?

తర్వాతి ఆదివారం మామూలు బస్సుకే వచ్చాడు. కాళ్లు కడుక్కుని మంచం అంచున కూర్చున్నాడు. పీరు మర్యాదగా కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు. కాసేపటికి అడిగాడు.

"మీదేవూరండీ?"

ఖాజాబీ వంటింట్లోంచి వింటోంది.

"గుంటూరండీ," అన్నాడు నజీర్.