పై గిన్నె

నా చిన్నప్పుడు లాల్‌దర్వాజాలో మా గల్లీ మగవాళ్లంతా ఒకే మిల్లులో పనిచేసేవారు. చాంద్రాయణగుట్ట తోవలో ఉండే సర్కారు బట్టల మిల్లు అది. మధ్యాహ్నం సైరన్ మోగే వేళకు ఆడపిల్లలం టిఫిన్ క్యారియర్లు పట్టుకుని అక్కడికి చేరేవాళ్లం. షెడ్డు నీడన పొడుగాటి దస్తర్ఖాన్ పరిచి ఉండేది. మిల్లులోనే నేసి, అమ్మకానికి పనికిరాక పక్కన పడేసిన ముతక బట్ట అది. దాని చుట్టూ అందరూ కూర్చుని తినేవారు.

ఆ దస్తర్ఖాన్‌కు ఒక రివాజు ఉండేది. అన్నం ఎవరిది వాళ్లదే గాని, కూర ఉండే పై గిన్నె మాత్రం ఎవరిదీ కాదు. పై గిన్నెలన్నీ నడుమ చేర్చాలి. ఏది ఎవరింటిదో అడగకూడదు. ఉత్త పచ్చడి తెచ్చినవాడు ఖీమా తినేవాడు, ఖీమా తెచ్చినవాడికి ఒక్కోరోజు పచ్చడే దక్కేది. పక్కింటి చాచా వాళ్లు మాలో చాలామంది ముట్టని పెద్దకూర వండుకున్న రోజు కూడా ఆయన పై గిన్నెలో ఆలుగడ్డే వచ్చేది. అలా పెట్టమని చాచీకి ఎవరూ చెప్పలేదు. మా బాపుకు మగ్గం మీద తెగిన పోగు అతకడం నేర్పింది ఆ చాచానే. ఆయన పక్కన కూర్చుంటే తప్ప బాపుకు ముద్ద దిగేది కాదు.

నాకు పదకొండో ఏట సర్కారు ఆ మిల్లును ఒక సేఠ్‌కు అమ్మేసింది. సగం మందిని తీసేస్తారన్నారు. ఆ పాడుపని తన చేతికి అంటకుండా సేఠ్ మేస్త్రీలకు అప్పగించాడు. తమ కింద పనికిరానివాళ్లు ఎవరో వాళ్లే చెప్పాలి. మా బాపు మేస్త్రీ.

ఆ నెల రోజుల్లో మా మనుషులు మారిపోయారు. దస్తర్ఖాన్ చుట్టి మూలన పడేశారు. నిన్నటిదాకా ఒకరి గిన్నెలో ఒకరు చేయిపెట్టినవాళ్లు, గిన్నెలు ఒళ్లో పెట్టుకుని, గోడలకు మొహం తిప్పి తిన్నారు. ఒకడు దగ్గితే, వాడికి రోగమని మరొకడు మేస్త్రీ చెవిన వేసేవాడు. వాళ్లెవరో పరాయివాళ్లు కాదు, నేను అన్నా, బాబాయ్ అని పిలిచేవాళ్లే.

గేటుకు పనిలో ఉండేవాళ్ల పేర్ల పట్టీ అంటించిన సాయంత్రం బాపు లడ్డూల డబ్బాతో ఇంటికి వచ్చాడు. పనిలో మిగిలినవాళ్లకు సేఠ్ పంచాడట. నేను గడపలో కూర్చుని రెండో లడ్డూ కొరుకుతుండగా, పట్టీలో చాచా పేరు ఉందా అని నానమ్మ అడిగింది. లేదన్నాడు బాపు. ఆయనను తీసెయ్యమని ఎవరు చెప్పారని అడిగింది. బాపు కడిగిన కాళ్లే మళ్లీ కడుక్కున్నాడు.

"చేతులు వణుకుతున్నయని నేనే చెప్పిన అమ్మా. ఎవలో ఒకల పేరు చెప్పకుంటె నా పేరే పోతుండె."

నోట్లో ఉన్నది ఉమ్మేశాను. చాచా చేతులు వణికే మాట నిజమే. కానీ ఆ వణికే చేతులే బాపుకు పని నేర్పాయి.

నానమ్మ తిట్టలేదు. మర్నాడు చింతచిగురు మాంసం వండి, క్యారియర్ ఎప్పటిలాగే సర్ది నా చేతికిచ్చింది.

"పై గిన్నె చాచాకియ్యి, గేటు బయటనే కూసుంటడు. అన్నం గిన్నె మీ బాపుకియ్యి. కూరేదంటె, అది ఎన్నడు నీది కాదని నానమ్మ అన్నదని చెప్పు."

తీసేసినవాళ్లంతా గేటు బయట మట్టిలో కూర్చుని ఉన్నారు. చాచా ఒళ్లో రెండు రొట్టెలున్నాయి. గిన్నె మూత తీసి కాసేపు చూశాడు. సగం తిని, మూత పెట్టి నాకు తిరిగి ఇచ్చాడు.

"సగం మీ బాపుకియ్యి బేటీ. కూర లేంది వాడు ముద్ద మింగడు."

లోపల బాపు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అన్నం గిన్నె ముందు పెట్టాను. కూర అడుగుతాడని ఎదురుచూశాను. అడగలేదు, ఉప్పు కూడా అడగలేదు. ఆ ఉత్త అన్నమే పిసికి పిసికి మింగుతుంటే నాకు జాలి కలగలేదు, అసహ్యం వేసింది. ఈయనకా చాచా పంపిన కూర, అనుకున్నాను. షెడ్డు వెనక్కి పోయి ఆ సగం నేనే తినేశాను. ఆకలై తినలేదు, కసితో తిన్నాను. గిన్నె తుడుచుకుంటున్నప్పుడు చూసుకుంటే నా మొహం కూడా గోడకే ఉంది.

ఇంటికి వచ్చాక చాచా తిన్నాడా అని నానమ్మ అడిగింది. తిన్నాడన్నాను. సగం తిరిగి పంపిన సంగతి చెప్పలేదు.

రెండేళ్లు తిరగకముందే సేఠ్ మగ్గాలను తుక్కు కింద అమ్మి, నేలను ప్లాట్లు వేశాడు. బాపు పని కూడా పోయింది. చాచా గల్లీలో ఎదురైతే బాపు తల దించుకుని పక్కనుంచి పోయేవాడు. చాచా తన మొహం చూడడనే అనుకుంటూ బతికాడు, అలా అనుకుంటూనే పోయాడు. ఆ సగం గిన్నె అందితే ఆరోజే వెళ్లి ఆయన చేయి పట్టుకునేవాడేమో.

సేఠ్ మీద నా రోత ఈనాటికీ తగ్గలేదు. బాపు మీద పుట్టింది ఆయనతోనే పోయింది. నా మీద పుట్టింది మాత్రం ఉంది. ఎక్కడ నలుగురిలో క్యారియర్ విప్పినా పై గిన్నె నడుమ పెడతాను. ఈ కాలపువాళ్లు మొహమాటపడి ఎవరి డబ్బా వాళ్లు దగ్గరికి లాక్కుంటారు. సగం దాకా తిని ఆగిపోతాను. ఎవరూ చేయి పెట్టకపోతే ఆ మిగతా సగం అలాగే మూత పెట్టి ఇంటికి తెస్తాను. అది మా బాపుది.