పది నిమిషాలు కదలని అక్క

మందుల సంచీతో ఇంటింటికీ తిరిగి రోగుల బాగోగులు కనుక్కునే సంచీ అక్క మెడలో ఆఫీసువాళ్లు ఓ బిళ్ళ తగిలించారు. ఆమె పది నిమిషాలు కదలకపోతే, ఏదో ప్రమాదమని అది ఆఫీసులో గంట మోగిస్తుంది. వెంటనే డాక్టరుతో సహా బండి వస్తుంది. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. అక్కకు ఆ రెండూ ఉన్నాయి కనుక బిళ్ళకు పనే పడదనుకున్నారు.

నాలుగో అంతస్తు మామ్మ సంగతి వాళ్లకేం తెలుసు! డాక్టరు కోసం మూడు నెలలుగా అర్జీలు పెడుతున్న ఆవిడ, ఆ రోజు తన మోకాళ్ల పురాణం విప్పింది. అక్క నోరు తెరుచుకుని బొమ్మలా ఉండిపోయింది.

అంతలో తలుపు తోసుకుని, రొప్పుతూ డాక్టరు వచ్చాడు.

"ప్రమాదం ఎవరికి?"

అక్క నాలుక్కరుచుకుంది. "నాకేనంటండీ. ఎలాగూ వచ్చారుగా, మామ్మగారి మోకాళ్లు చూడండి."

మామ్మ అప్పటికే కాళ్లు చాపేసింది. "నేను మూడు నెలలు మొత్తుకుంటే ఈ డాక్టరు కదల్లేదు. ఇది పది నిమిషాలు కదలకపోతే పరుగెత్తుకొచ్చాడు!"

మర్నాడు అక్క మెట్లెక్కేసరికి ప్రతి గుమ్మంలోనూ ఒక కుర్చీ వేసి ఉంది.

"రామ్మా, మా ఇంట్లో కూడా కాసేపు కదలకుండా కూర్చుని పో!"