నా మొదటి పేజీలో గోదావరి

మొన్న మా అమ్మాయి కొత్త ఫోను కొనిచ్చింది. తెరవగానే ఎవరింట్లోదో పెళ్లి ఊరేగింపు, వెంటనే మోకాళ్ల నొప్పులకు తైలం, దాని కింద నేనెన్నడూ పేరు వినని నటుడి కొత్త కారు వరసగా వచ్చి పడ్డాయి. ఏదీ నేను అడిగింది కాదు. విసుగొచ్చి ఫోను పక్కన పెట్టి, పాత డైరీల బీరువా తెరిస్తే, ఒకదానిలో పెన్సిలుతో గీసుకున్న బొమ్మ కనిపించింది. మూడు నిలువు వరుసలు, వాటిలో ఎనిమిది గళ్లు. ఒకప్పుడు నా ఇంటర్నెట్టుకు వాకిలి అదే.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కొన్ని వెబ్‌సైట్లు ఎవరి మొదటి పేజీని వారే అమర్చుకోనిచ్చేవి. ఉత్తరాలు ఒక గడిలో, వార్తలు ఇంకో గడిలో, వాతావరణం మరోచోట, ఏది ఎక్కడుండాలో మౌసుతో పట్టుకుని జరుపుకోవడమే. కొత్తగూడెంలో బొగ్గు గని ఆఫీసులో హాజరు పట్టీలు రాస్తూ బతికిన నాకు ఇంతకన్నా ముచ్చటైన పని దొరకలేదు. ఆదివారం పొద్దంతా గళ్లు సర్దుతూ కూర్చుంటే, వంటింట్లో డబ్బాలు కూడా ఇంత శ్రద్ధగా సర్దితే పుణ్యముంటుందని మా ఆవిడ అని పోయేది. ఎడమవైపు పైన గడియారం, తేదీ. వాటి కిందనే గోదావరి. వరదల కాలంలో భద్రాచలం దగ్గర నీటిమట్టం చూపే పేజీ ఒకటుంటే, దాన్ని తెచ్చి ఒక గడిలో కూర్చోబెట్టాను.

అది మా అక్క కోసం. ఆమెను పర్ణశాల దగ్గర ఏటి ఒడ్డు ఊరికిచ్చారు. ఇంటి వెనక పాక, పాకలో ఆరు బర్రెలు, ఆ వెనక గోదావరి. వానాకాలమంతా రోజూ పొద్దున పక్కింటి ఫోను నుంచి చేసి, నా కంప్యూటరు పెట్టె ఏమంటుందో అడిగేది. నేను అడుగులు, అంగుళాలతో సహా చెప్పి, ఆ అంకెనే డైరీలో రాసుకునేవాణ్ని. బర్రెల్ని మిట్టకు తోలాలా వద్దా అన్నది నా మాట మీదే నడిచేది. ఏటి రంగు చూసి వరద చెప్పగల మా బావకు అది కాస్త చిన్నతనంగా ఉండేదని నాకు తెలుసు.

ఇక్కడ నా పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంటర్నెట్టు టెలిఫోను తీగ మీదే వచ్చేది గనుక అది నడుస్తున్నంతసేపు ఇంటికి ఫోను రాదు. అందుకని పేజీ రాగానే కనెక్షన్ తీసేసి, తెర మీద నిలిచిన పేజీని తీరిగ్గా చదువుకునేవాణ్ని. ఒక శ్రావణంలో, ముందురోజు పేజీ మూయకుండా, కంప్యూటరు ఆపకుండా మరిచిపోయాను. పొద్దున్నే అక్క ఫోను. తెర వైపు చూస్తే గడియారం సరిగ్గా ఆ నిమిషాన్నే చూపుతోంది, తేదీ కూడా ఆ రోజుదే. గోదావరి నిన్నటి చోటే ఉందని ధీమాగా చెప్పాను. బావ బర్రెల్ని తోలుకుపోదామంటున్నాడని, ఇక ఆగమని చెబుతానని అక్క ఫోను పెట్టేసింది.

అంకె రాద్దామని డైరీ తెరిచాను. పైన నిన్నటి అంకె, అంగుళం తేడా లేదు. తెర మీది ఉష్ణోగ్రతా నిన్న చూసినదే. శ్రావణంలో గోదావరి అంగుళమైనా కదలకుండా ఎక్కడుంటుంది? గడియారం నడిచేది నా కంప్యూటరు లోపలి లెక్కతోనని, మిగతా గళ్లన్నీ నిన్నటివేనని అప్పుడు తట్టింది. పేజీ మళ్లీ తెప్పిస్తే మట్టం నాలుగడుగులు పెరిగి ఉంది. వెంటనే కనెక్షన్ తీసేసి, అక్క పక్కింటికి ఫోను చేసి ఆమెను పిలిపించి సంగతి చెప్పాను. ఆమె మాత్రం తాపీగా అంది.

"నీ పెట్టెల గోదారి నిలబడ్డది కావచ్చు తమ్మీ, ఈడ మా బర్రెలు లేచి నిలబడ్డయి. నీతోని మాట్లాడి ఇంటికొచ్చేసరికే పాకలకు నీళ్లొచ్చినయి. మీ బావ మిట్టకు తోలిండు."

తర్వాత చాలా ఏళ్లు, ఏ పెళ్లిలో కలిసినా బావ నన్ను టైము అడిగి, "టైము సరే బామ్మర్దీ, ఇది ఇయ్యాల్టిదేనా?" అని అందరి ముందూ నవ్వేవాడు.

ఆ పేజీ నడిపేవాళ్లు ఒకరోజు దాన్ని మూసేస్తున్నామని ముందుగానే చెప్పి మరీ మూశారు. చివరిరోజు ఆ గళ్లను డైరీలోకి దించుకున్నాను. ఆ పేజీలో ఏమున్నా నేను పెట్టిందే, తప్పు జరిగినా అది నా తప్పే. ఇప్పుడు నా తెరను ఎవరో సర్దుతున్నారు, నాకొక అక్క ఉందని వాళ్లకు తెలియదు. అక్కకూ ఇప్పుడు ఫోనుంది, నీటిమట్టం ఆమె అరచేతిలోకే వస్తుంది. పొద్దున్నే నన్నడగాల్సిన పని లేదు, అడగడమూ లేదు.

బొమ్మ కనిపించిన పొద్దున నేనే ఫోను చేశాను. వానలు పట్టుకున్నాయి కదా, గోదావరి ఎట్లుందని అడిగితే, నీ ఫోన్ల రాదా అని ఆశ్చర్యపోయింది. వస్తుంది గాని నువ్వు చెప్పమన్నాను. చెప్పుల చప్పుడు వినిపించింది. పాక దాకా నడిచినట్టుంది.

"పండుకున్నయి తమ్మీ. నెమరేస్తున్నయి."

ఆ రోజు డైరీలో నీటిమట్టం రాసే చోట అదే రాసుకున్నాను.