నేను పీకేసిన వరి

తప్పు నాదే. అరవైల చివర బి.ఎస్సీ. చదివి, శ్రీముఖలింగం దగ్గర మా ఊరికి వచ్చాను. కూలి మీద బతికే సూరమ్మ మా పొలంలో ఊద అనే కలుపును వదిలేస్తోందని అందరి ముందూ తిట్టి, పని మానిపించాను. నేనే మడిలో దిగి గట్టు మీద ఇంత కుప్ప పోశాను.

వెళ్లబోతూ సూరమ్మ ఆ కుప్ప తిరగేసింది. "ఏటి బాబూ, సగం వరే పీకేసినావు. వరికైతే ఆకు మొదట్లో నూగుంటాది, సూడు."

"రెండూ ఒకేలా ఉన్నాయే?"

"తేడాగా ఉన్నదాన్ని ఎప్పుడో పీకేసినాం. వరిలాగున్నదే మా సేతికి దొరక్కుండా గింజ రాలుస్తాది. మళ్లీ ఏడు దాని పిల్లలూ అలాగే పుడతాయి."

పరీక్షలో నేను పేజీలకు పేజీలు రాసిన ప్రకృతి వరణం అదే.

మర్నాడు ఆమె ఇంటికెళ్లి క్షమించమన్నాను. పనిలోకి పిలిచి, ఆమె వెనకే వంగి, నేను ఖాళీ చేసిన చోటల్లా మిగిలిన నారు నాటాను.