కొసరు వేయని కథ

మేడ్చల్ బజారులో నాతో బేరమాడి గెలిచినవాడు లేడు. పదహారేళ్లకే, జ్వరంతో మంచం పట్టిన ఆరేళ్ల చెల్లెలితో బేరమాడి గెలిచినవాణ్ణి. పిల్లల కథలు రాసేవాడిగా నా మొదటి వ్యాపారం అదే.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. శామీర్‌పేటలో మేనత్త ఇంటికి పోయి చెల్లె చలిజ్వరం తెచ్చుకుంది. క్వినైన్ ఎక్కడా దొరకడం లేదు. నాయిన కిరాణా కొట్టు మూసి, రైలెక్కి, సికింద్రాబాద్ అంతా తిరిగి ఒక సీసా తెచ్చాడు. ఆ చేదు నీళ్లు చెల్లె ఆయన చొక్కా మీదే ఉమ్మింది.

"చెంచెడు మందుకు గిద్దెడు కథ," అన్నాను.

"ఏం కథ?"

"శామీర్‌పేట చెరువు అడుగున ఒక అంగడుంది. ఎండ్రకాయ సేటు తక్కెడ పట్టుకొని కూసుంటడు. నీళ్లల్ల పడిపోయినయన్నీ ఆడనే అమ్ముతడు. ఒక పిల్ల వాళ్లమ్మ కడియం కొనుక్కొద్దామని దిగింది. ఒక్కో మెట్టుకు ఒక్కో ఊపిరి ధర."

మందు లోపలికి పోయింది.

కొట్లో తూకం అయ్యాక చిటికెడు కొసరు పడనిదే ఎవరూ కదలరు. చెల్లె కొట్టు బిడ్డ. కథ ఆపగానే చెయ్యి చాపేది.

"కొసరెయ్యన్నా."

"ఏం కొసరు? మొన్న సగం ఉమ్మినవ్ గద!"

"గట్లయితే సగం కొసరెయ్యి."

జ్వరం మొదలయ్యాక నాయిన నవ్వింది ఆ ఒక్కసారే. "నీకన్న గిదే నయం రా, కొట్టు దీనికే రాసిస్త," అన్నాడు. నేను మాత్రం వేయలేదు. ఇవాళ కొసరు వేస్తే రేపటి మందుకు సరుకేదని నా లెక్క.

తొమ్మిదో పొద్దున చెల్లె గొంతు సరిగా రాలేదు.

"ఇయ్యాల కథ ముందుగాల. మందు ఎన్క తాగుత. ఆ పిల్ల పైకొచ్చిందా? గదొక్కటి చెప్పు."

"ఉద్దెర లేదు."

"చెప్పరాదురా, ఏం పోతది?" అన్నాడు నాయిన.

"ఒక్కనాడు ఉద్దెరిస్తే రోజూ అడుగుతరని నువ్వే అంటవ్ గద నాయినా."

ఆయన చెంచాలో మందు పోశాడు. చెల్లె నోరు తెరిచి తాగింది. పిల్లను ఆఖరి మెట్టు దాకా ఎక్కించి, ఒకే ఊపిరి మిగిల్చి ఆపాను. చెల్లె చెయ్యి చాపింది.

"రేపు," అన్నాను.

మధ్యాహ్నానికి ఫిట్లు వచ్చాయి. పొద్దుగూకకముందే పోయింది.

తర్వాత గల్లా పక్కన కూర్చుని, పొట్లాల కాగితాల వెనక రాయడం మొదలుపెట్టాను. పుస్తకాలయ్యాయి. నా కథల్లో పిల్లలందరూ క్షేమంగా ఇల్లు చేరతారని మెచ్చుకుంటారు.

ఇక లెక్క. చెల్లె తాగింది తొమ్మిది చెంచాలు. బేరం కుదిరాక ఉమ్మింది నాలుగు చుక్కలు. సగమన్నది నా అబద్ధం. నేనిచ్చింది ఎనిమిది గిద్దెలు. తొమ్మిదోది తక్కువ తూకం, ఎందుకంటే ఆ పూట ముగింపు నా దగ్గరే లేదు. నేను దాచుకున్నాననుకుంటూనే నాయిన పోయాడు. దాచడానికి డబ్బా ఖాళీ. "పైకొచ్చింది" అనడానికి సరుకేమీ అక్కర్లేదు. ఆ మాటా ఇవ్వలేదు.

కొసరు ఒక్కనాడూ వేయలేదు.